అమ్మాయి చేతికి సరిపడే కర్ర

ఆడవాళ్ళ పత్రికలో గోల్ఫ్ ఆట ఊసేమిటని నవ్వుకుంటారేమో! నవ్వినా ఫర్వాలేదు గానీ చివరిదాకా చదవండి. నేనూ ఇంటర్మీడియట్ తో చదువాపి, ఇరవై రెండేళ్ళుగా వంటింట్లో ఉన్నదాన్నే. మా చిన్నమ్మాయికి పద్నాలుగేళ్ళు. స్నేహితురాలితో కలిసి గోల్కొండ కోట పక్కన, నయాఖిల్లా దగ్గరున్న గోల్ఫ్ కోర్సు చూసొచ్చిన దగ్గర్నుంచీ దానికి ఇదే ధ్యాస. మా వారు సరేనన్నారు. నేర్పించే కోచ్ దొరికాడు. ఇక కావలసింది కర్రలు.

కొత్త సెట్టు ధర వింటే మనలాంటి ఇళ్ళల్లో గుండె ఆగుతుంది. అందుకని మా ఆడపడుచు భర్త, అన్నయ్యగారు, తన పాత సెట్టు పంపించారు. మంచి మనసుతోనే ఇచ్చారు, కాదనను. పిల్లకి పొడుగైపోయాయని ఒక షాపులో రెండంగుళాలు కోయించి మరీ ఇచ్చారు. ఆర్నెల్లు తిరిగేసరికి పిల్లకి కుడి మోచెయ్యి నొప్పి. రాత్రిళ్ళు ఐసుముక్కలు గుడ్డలో చుట్టి కాపడం పెడుతూ కూర్చునేదాన్ని. డాక్టరు గారు చూసి, ఎముకకేం ఫర్వాలేదు, నరం పట్టేసింది, మూడు వారాలు కర్ర ముట్టుకోవద్దన్నారు. ఇంతలో బంధువులంతా తలో మాటా! "ఆడపిల్ల చేతుల్లో బలం ఎక్కణ్ణుంచొస్తుంది చెల్లెమ్మా? హాయిగా షటిల్ ఆడించు" అని అన్నయ్యగారే అన్నారు. పిల్ల కూడా "నాకు రాదులే అమ్మా, మానేస్తాను" అనేసింది. బిందెడు నీళ్ళు మెట్లెక్కి మోసే పిల్లకి బలం లేదంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ మూడు వారాలూ కోచ్ ని, తెలిసినవాళ్ళని అడిగి అడిగి తెలుసుకున్నదే ఇదంతా.

గోల్ఫ్ కర్రలో చేత్తో పట్టుకునే రబ్బరు తొడుగుని గ్రిప్ అంటారు. బంతిని కొట్టే కింది ముక్క హెడ్. ఈ రెంటినీ కలిపే పొడుగాటి గొట్టమే షాఫ్ట్. చూడ్డానికి ఉత్త గొట్టంలా ఉంటుంది గానీ కిటుకంతా దాంట్లోనే ఉంది.

మా కోనసీమలో చిన్నప్పుడు కావడి మోసేవాళ్ళని చూసేవాళ్ళం. కావడిబద్ద మనిషి నడకతో పాటే ఊగుతుంది. ఆ ఊపు అడుగుతో కలిసిందా, ఎంత బరువైనా ఇట్టే సాగిపోతాడు. బద్ద మరీ బిర్రుగా ఉంటే భుజం కోసుకుపోతుంది. మరీ మెత్తనిదైతే అడుగొకటి, ఊపొకటీ. షాఫ్ట్ సంగతీ అంతే. కర్రని వెనక్కెత్తి కిందికి విసిరినప్పుడు హెడ్ బరువుకి షాఫ్ట్ కాస్త వంగుతుంది. బంతి దగ్గరికొచ్చేసరికి తిరిగి సాగుతుంది. హెడ్ బంతిని తాకి ఉండేది సెకనులో సుమారు రెండువేలో వంతు మాత్రమేనట! ఆ క్షణానికి హెడ్ ఏ వైపు చూస్తోందన్నది, షాఫ్ట్ మన ఊపుకి ఎంతవరకు వంగి తిరిగొచ్చిందన్నదాని మీద చాలావరకు ఉంటుంది.

నిదానంగా ఊపేవాళ్ళ చేతిలో బిరుసు షాఫ్ట్ పెడితే అది సరిగ్గా వంగదు. కుడిచేతివాటం వాళ్ళకి బంతి పైకి లేవకుండా, కుడివైపుకి పోతుంది. మరీ మెత్తనిదైతే బాగా పైకి లేచి ఎడమకి పోతుంటుంది. మా పిల్లది మొదటి రకం. బంతి లేవడం లేదని ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా బాదేది. దెబ్బ అదురంతా మోచేతికి!

పైగా ఆ కోయించడం ఒకటి. షాఫ్ట్ ని పొట్టి చేస్తే అది ఇంకా బిరుసవుతుంది. పొడుగు వెదురు వంగినట్టు మూరెడు ముక్క వంగుతుందా, మీరే చెప్పండి. పిల్లలకి పెద్దవాళ్ళ కర్రలు కోసిచ్చేవాళ్ళు ఈ ఒక్క మాట తెలుసుకుంటే చాలు.

ఇక బరువు. నేను మైసూర్ పాక్ కి పిండి తూచే కాటా తీసి, అన్నయ్యగారి ఏడో నంబరు ఇనుప కర్ర తూచాను. 415 గ్రాములు! కోచ్ దగ్గరున్న అమ్మాయిల ఏడో నంబరు తెచ్చి తూస్తే 355. ఆ తేడా చాలావరకు షాఫ్ట్ దే. స్టీలు షాఫ్ట్ లు సాధారణంగా 95 నుంచి 130 గ్రాముల దాకా ఉంటే, గ్రాఫైట్ వి 50, 60 గ్రాముల్లో కూడా దొరుకుతాయి. గ్రాఫైట్ అదురు కూడా తక్కువ. అరవై గ్రాములంటే ఎంత, నాలుగు చెంచాల పంచదార అనిపిస్తుంది. రోజుకి వంద సార్లు విసిరి చూస్తే తెలుస్తుంది.

షాఫ్ట్ మీద ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ఎల్ అంటే లేడీస్, ఎ అంటే సీనియర్, తర్వాత ఆర్, ఎస్, ఎక్స్. పోనుపోను బిరుసు. అయితే ఈ అక్షరాలకి అన్ని కంపెనీలకీ కలిపి ఒక కొలత లేదు. ఒకరి ఆర్ ఇంకొకరి ఎస్ కావచ్చు. మన జాకెట్ల సైజుల్లాగే అన్నమాట, వేసుకుని చూస్తే తప్ప నమ్మడానికి లేదు. లేడీస్ అనే పేరూ నాకు నచ్చలేదు. పేరున్న మహిళా ఆటగాళ్ళు డ్రైవర్ ని సగటున గంటకి 94 మైళ్ళ వేగంతో ఊపుతారు. వాళ్ళకి ఎల్ అసలు చాలదు. డెబ్బై దాటిన తాతగారికి అదే హాయిగా ఉండొచ్చు, కాని ఆ అక్షరం చూసి పరువుకి పోయి ముట్టుకోరట! చూడవలసింది ఆడా మగా కాదు, ఊపు వేగం. డ్రైవర్ తో గంటకి 75 మైళ్ళ లోపు ఉంటే ఎల్, 85 దాకా ఎ, 95 దాకా ఆర్, ఆపైన ఎస్ అని ఉజ్జాయింపు లెక్క. మెషిన్ పెట్టి కొలిస్తే మా పిల్లది 77 వచ్చింది. అన్నయ్యగారి సెట్టు మీదున్నది ఎస్.

ఆ అంకె చూపించాక ఇంట్లో బలం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మన అదితి అశోక్ కూడా దూరం కొట్టడంలో పెద్ద పేరున్న పిల్లేం కాదు. 2021లో టోక్యో ఒలింపిక్స్ లో ఎంతోమంది బలశాలుల్ని దాటి నాలుగో స్థానంలో నిలిచింది. అక్కడ ఆమె సంచీ మోసింది వాళ్ళమ్మే. ఆ సంగతి చదివి నాకు ఒళ్ళు పులకరించింది.

కొనేటప్పుడు నేను చేసింది చెబుతాను. పిల్ల అలసిపోయాక కాకుండా, పొద్దున్నే తీసుకెళ్ళాను. మూడు రకాల షాఫ్ట్ లతో తలా పది బంతులు కొట్టించాం. అన్నిటికన్నా దూరం పోయిన ఒక్క బంతిని చూసి షాపతను మెచ్చుకుంటూనే ఉన్నాడు. నేను మాత్రం పదిలో ఎన్ని ఒకేచోట పడ్డాయో లెక్కపెట్టాను. ఒకదానితో ఏడు పడ్డాయి. కొడుతుంటే ఎలా ఉందని అడిగితే "హెడ్ ఎక్కడుందో తెలుస్తోందమ్మా" అంది. అదే ఖాయం చేశాం, ఎ రకం గ్రాఫైట్ ది. గ్రిప్ కూడా సన్నది వేయించాం. ఎడమచేత్తో పట్టుకుంటే వేలికొసలు అరచేతికి కొంచెం తాకాలిట, లావుగా ఉంటే పిడికిలి బిగిసిపోతుంది.

నిబంధనల ప్రకారం 14 కర్రల దాకా పెట్టుకోవచ్చు గానీ, మేం ఇప్పటికి కొన్నది ఆరే. అవీ ఒకరు వాడినవి. నా రెండేళ్ళ చీటీ డబ్బులు వాటికే సరిపోయాయి. మోచెయ్యి నొప్పి తగ్గింది, ఐసు ట్రే ఇప్పుడు షర్బత్ కే వాడుతున్నాం. పిల్ల ఎదుగుతోంది కాబట్టి వచ్చే దసరా సెలవుల్లో మళ్ళీ వేగం కొలిపించమన్నాడు కోచ్. కొత్త చీటీ ఈ నెల నుంచే కడుతున్నాను.