అత్తగారి మోకాలు

మా యత్తగారికి డెబ్బదిరెండేండ్లు. మోకాలి కీళ్లరిగి మెట్టు దిగలేకపోగా, నిరుడు కుడిమోకాలికి మార్పిడి శస్త్రచికిత్స చేయించితిమి. మరునాడే వైద్యులు వాకరు చేతికిచ్చి నాలుగడుగులు వేయించిరి.

ఇంటికి వచ్చిన పిదప మా సేవయే యామెకు శత్రువైనది. సుఖముగా నుండునని మోకాటిక్రింద తలగడ నుంచితిమి; మంచినీళ్లకైనను లేవనిచ్చెడివారము కాము. పదునైదు దినములకు కాలు తిన్నగా చాపుటయే దుర్లభమయ్యెను. వ్యాయామము నేర్ప వచ్చిన ఫిజియోథెరపిస్టు తలగడను తీసివైచి, మడమక్రింద తువాలుచుట్ట నుంచి, వంచుట యెంత ముఖ్యమో చాపుటయు నంతే ముఖ్యమని చెప్పెను. మాకు సిగ్గయ్యెను.

ఆ రాత్రి అత్తగారు, "అమ్మాయీ, కాలు బాగుచేయించి నన్ను బొమ్మను చేశారే!" యనిరి.

నాటినుండి మేము చేతులు వెనుకకు తీసికొంటిమి. వ్యాయామము ముగిసిన పిమ్మట వాపునకు మంచుగడ్డల సంచి పెట్టితిమి. మెట్లెక్కునపుడు మంచికాలు ముందు, దిగునపుడు శస్త్రమైన కాలు ముందు, చేతికఱ్ఱ యెడమచేత. పీటపై కూర్చుండుట మానవలసివచ్చెను గనుక, ఎత్తైన కుర్చీ వేసి కూరలు తరుగనిచ్చితిమి. మరుగుదొడ్డిలో ఎత్తు పీఠ మమర్చితిమి.

ఏడవ వారమున ఆమె కఱ్ఱతో తులసికోటవరకు పోయి తామే దీపము పెట్టిరి. ముగ్గుమాత్రము నేటికిని మావంతు. వాపు కొన్నినెలలుండుట, పూర్తి బలమునకు సంవత్సరము పట్టుట సహజమట. పిక్కలో నొప్పి, వాపు హఠాత్తుగా హెచ్చినచో మాత్రము జాగుచేయక వైద్యునికి చూపవలెను.

సోదరీమణులారా! శస్త్రచికిత్స వైద్యుని పని. పెద్దల పనిని వారికి తిరిగి యప్పగించుట మన పని.