వేడెక్కనియ్యి అల్లుడా

మా మామ ఆంప్లిఫైర్ స్విచ్ వేయగానే పలకదు. ముందు వెనకాల జాలీలోంచి సన్నగా ఎర్ర వెలుగు కనిపిస్తుంది. తర్వాత గుంయ్‌మని ఒక చప్పుడు మొదలవుతుంది. అర నిమిషం ఆగాలి. తొందరపడి గిటార్ మీటబోతే మామ చెయ్యి పట్టుకుంటాడు. "వేడెక్కనియ్యి అల్లుడా. నీ ఫోన్ అనుకున్నవా?"

మామది గద్వాల. ఇప్పుడు 58 ఏళ్ళు, జిరాక్స్ షాపు నడుపుతాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. పెళ్ళిళ్ళు, వినాయక చవితి పందిళ్ళు, క్రిస్మస్, జాతరలు, ఎవరు పిలిస్తే అక్కడికి. అటు కర్నూలు దాకా, ఇటు రాయచూరు దాకా పోయేవాళ్ళట. ఆ ఆంప్లిఫైర్ కంపెనీది కాదు. 1988లో వనపర్తిలో ఒక రేడియో మెకానిక్ చేసిచ్చాడు. పాత రేడియో డబ్బా లాంటి చెక్క పెట్టె, ముందు గుడ్డ, లోపల వాల్వులు. రెండు ఈఎల్84లు, ఒక ఈసీసీ83, కరెంటును డీసీగా మార్చడానికి ఒక ఈజడ్81. ఒకదాని మీద బీఈఎల్ అన్న అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి ఫిలిప్స్ సాయంతో రేడియో వాల్వులు తయారు చేసింది. మన తాతల రేడియోల్లో వెలిగినవి చాలా వరకు అలాంటివే. ఎంతకు చేయించావు మామా అంటే మాత్రం చెప్పడు. అత్త పక్కనే ఉంటుంది కదా.

దసరా సెలవులకి నేను గద్వాల పోయింది ఆ ఆంప్‌ని అమ్మించడానికి.

దాని గుంయ్ చప్పుడు ఏడాదేడాదికి పెరుగుతోంది, ఇంట్లో జాగా లేదని అత్త గొడవ. మా హాస్టల్‌లో నేను లాప్‌టాప్‌లోనే గిటార్ వాయిస్తాను. చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక సాఫ్ట్‌వేర్, అంతే. న్యూరల్ ఆంప్ మోడలర్ అని ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఉంది, ఉచితం. అసలు ఆంప్‌లోకి ఒక సిగ్నల్ పంపి, బయటికి వచ్చింది రికార్డ్ చేసి ఇస్తే, న్యూరల్ నెట్‌వర్క్ ఆ ఆంప్ నడతని నేర్చుకుంటుంది. ఇంత సౌకర్యం ఉండగా పదిహేను కిలోల పెట్టె ఎందుకు? హైదరాబాద్‌లో పాత ఆంప్‌లు కొనే ఒకతనికి ఫోటోలు పంపితే పాతిక వేలు ఇస్తానన్నాడు. నేను మామని అడక్కుండానే సరే అనేశాను. ఇది రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మామని ఒప్పించడానికి ఒక పరీక్ష పెట్టాను. ముందే ఆంప్‌ని మోడల్ చేసి ఉంచాను. ఒకే ట్యూన్ ఒకసారి ఆంప్‌లో, ఒకసారి లాప్‌టాప్‌లో రికార్డ్ చేసి, పది ముక్కలు కలిపేసి హెడ్‌ఫోన్స్‌లో వినిపించాను. ఏది నీ ఆంప్, ఏది కంప్యూటర్? మామ పదిలో ఐదు కరెక్టు చెప్పాడు. బొమ్మాబొరుసూ వేసినా అంతే వస్తుంది. పైగా ముప్పై ఏళ్ళు స్పీకర్ డబ్బాల పక్కన నిలబడి ఆయన ఎడమ చెవి దాదాపు పోయింది. నేను గెలిచాననుకున్నాను.

"వినుడు కాదు, నన్ను వాయించనియ్యి" అన్నాడు మామ.

సరే అని లాప్‌టాప్‌ని ఒక ట్రాన్సిస్టర్ ఆంప్ ద్వారా అదే స్పీకర్‌కి కలిపాను. మామ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నేను వైర్లు మారుస్తూ పోయాను. ఎనిమిదిసార్లు. ఎనిమిదిసార్లూ కరెక్టు చెప్పాడు. ఒకసారైతే రెండు తీగలు మీటి ఆపేశాడు. "ఇది నీది. ఇది నా మాట వింటలేదు."

ఇది పెద్ద శాస్త్రీయ పరీక్షేం కాదు, నాకు తెలుసు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వినేటప్పుడు తేడా తెలియని మనిషికి వాయించేటప్పుడు ఎట్లా తెలిసింది?

ముందు లేటెన్సీని అనుమానించాను. నా బఫర్ 256 శాంపిళ్ళు, సెకనుకి 44,100. అంటే దాదాపు 6 మిల్లీసెకన్లు, రానూ పోనూ కలిపితే 12. ధ్వని సెకనుకి 343 మీటర్లు పోతుంది కాబట్టి 12 మిల్లీసెకన్లంటే నాలుగు మీటర్ల దూరం. స్టేజీ మీద మామ స్పీకర్‌కి అంత దూరంలో ఎన్నోసార్లు నిలబడి ఉంటాడు. కాబట్టి తప్పంతా దాని మీద తోసేయలేను.

నాకు ఎక్కువ నమ్మకం కుదిరింది ఇంకోదాని మీద. వాల్వ్ ఆంప్‌లో గట్టిగా మీటినప్పుడు ఈఎల్84లు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి. ఈజడ్81 అంత వేగంగా ఇవ్వలేదు. లోపలి వోల్టేజీ ఒక్క క్షణం కుంగి, మళ్ళీ లేస్తుంది. దాంతో స్వరం మొదట కొంచెం అణిగి తర్వాత ఉబ్బుతుంది. మెత్తగా మీటితే ఇదేమీ ఉండదు, శుభ్రంగా పలుకుతుంది. మీటే వేలికి ఆంప్ ప్రతిసారీ ఒక జవాబు ఇస్తోందన్నమాట. నా మోడల్ ఆ గరగరని, అంటే వేవ్ కొనలు మెల్లగా చదునయ్యే తీరుని, బాగా పట్టుకుంది. కుంగి లేవడాన్ని మాత్రం సరిగా పట్టుకోలేదనుకుంటాను. మామ చెవితో కాదు, వేళ్ళతో వింటున్నాడు.

పొద్దున ఇదంతా చెబితే మామ నవ్వాడు. "ఎండకాలం లో వోల్టేజీల ఇంకా మెత్తగ పలుకుతుండె" అన్నాడు. ఎడీ వాన్ హేలెన్ తన మార్షల్ ఆంప్‌కి వేరియాక్ పెట్టి కావాలని వోల్టేజీ తగ్గించి వాయించేవాడు. దానికి ఆయన డబ్బులు పెట్టాడు. మామకి ఊరి కరెంటు ఊరికే ఇచ్చింది.

నిజానికి ఈ గరగర మొదట్లో లోపమే. ఆంప్ చేసినవాళ్ళకి కావలసింది శుభ్రమైన శబ్దం. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ షాపువాళ్ళు అమెరికా ఫెండర్ బాస్‌మాన్‌ని చూసి జేటీఎం45 చేశారు. బాస్‌మాన్ అసలు బాస్ గిటార్ కోసం చేసింది. వాయించేవాళ్ళు వాటి వాల్యూం చివరిదాకా తిప్పారు, అక్కడ దొరికిందాన్ని వదల్లేదు. అప్పటినుంచి పాత ఆటగాళ్ళకి ఆంప్ అంటే గిటార్ పక్కన పెట్టే పెట్టె కాదు, గిటార్‌లో రెండో సగం. మన నాగర్‌కర్నూల్ జిల్లాకి 2022లో పద్మశ్రీ తెచ్చిన దర్శనం మొగులయ్యగారి పన్నెండు మెట్ల కిన్నెర చూడండి. దాని సొరకాయ బుర్రలే దాని ఆంప్లిఫైర్. బుర్రలు తీసేసి మంచి స్పీకర్ పెడతానంటే ఆయన ఏమంటారో నేను ఊహించగలను.

అప్పుడే మామకి పాతిక వేల సంగతి చెప్పాను. తిడతాడనుకున్నాను. కాసేపు పిక్ గీసుకుంటూ కూర్చుని, "ఇచ్చేద్దాం తియ్. నాకు ఎట్లైనా ఒక్క చెవే పని చేస్తది" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది.

గుంయ్ చప్పుడుని ఫోన్‌లో రికార్డ్ చేసి చూస్తే సరిగ్గా 100 హెర్ట్జ్ దగ్గర నిలబడింది. మన కరెంటు 50 హెర్ట్జ్, డీసీగా మార్చేటప్పుడు రెట్టింపవుతుంది. అంటే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయి. ముసలితనం కాదు, రిపేరు. "అమ్మేముందు బాగు చేయిద్దాం" అని అబద్ధం చెప్పి ఆంప్‌ని దుప్పట్లో చుట్టి ఆర్టీసీ బస్సెక్కాను. ఎర్రవల్లి, బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన, పెబ్బేరు. దారంతా పెట్టె నా ఒళ్ళోనే. కండక్టర్ హార్మోనియమా అని అడిగాడు.

ఆ మెకానిక్ ఇప్పుడు లేడు. ఆయన కొడుకు వనపర్తిలో సెల్‌ఫోన్లు రిపేర్ చేస్తాడు. వెనక మూత విప్పి టాంకాలు చూసి, "మా నాయిన పనే" అన్నాడు. ముట్టుకునే ముందు ఒక రెసిస్టర్ వైర్‌తో కెపాసిటర్లని ఖాళీ చేశాడు. స్విచ్ ఆఫ్ చేసినా మూడు వందల వోల్టులు నిలిచి ఉండొచ్చట. "ఫోన్‌ల నాలుగు వోల్టులు. దీన్ల చెయ్యి పెడితే పోతం అన్నా" అన్నాడు, నాకంటే పదేళ్ళు పెద్దవాడు. చాసిస్ లోపలివైపు పెన్సిల్‌తో 'గద్వాల గిటార్' అని రాసి ఉంది. అతను దాన్ని ఫోటో తీసుకున్నాడు. కెపాసిటర్లకీ పనికీ కలిపి ఆరు వందలు తీసుకున్నాడు. తగ్గించమని నేనూ అడగలేదు.

తిరుగు బస్సులోనే హైదరాబాద్ అతనికి సారీ అని మెసేజ్ పెట్టాను. అతను ముప్పై అన్నాడు. నేను జవాబివ్వలేదు. మామకి ఆ ముప్పై సంగతి ఇప్పటిదాకా తెలియదు. ఈ పత్రిక ఆయన చదివితే తెలుస్తుంది.

సాయంత్రం ప్లగ్ పెట్టి స్విచ్ వేశాం. ఎర్ర వెలుగు వచ్చింది. చప్పుడు మాత్రం లేదు. మామ ఒంగి మంచి చెవి స్పీకర్ గుడ్డకి ఆనించాడు.

"ఏం చేసుకొచ్చినవ్‌రా? ఆన్ అయిందో లేదో తెలుస్తలేదు."

నేను గిటార్ అందుకోబోయాను. మామ చెయ్యి పట్టుకున్నాడు.