కొసరుకు కాలమ్ లేదు

కురబలకోటలో మా నాయనకు ఒక చిన్న అంగడి ఉంది. తాత పెట్టింది. చెనిక్కాయ విత్తనాలు, బొరుగులు, బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు అమ్ముతాం. రెండేళ్ల కిందట దానికి నేనే ఒక బిల్లింగ్ యాప్ రాసిచ్చాను. మొదటి నెలే లెక్క తప్పింది. చెనిక్కాయలు మూడు కిలోలు తక్కువ! కోడ్‌లో బగ్ ఉందేమోనని రాత్రంతా వెతికాను.

నాయన నవ్వినాడు. "బగ్గు గాదురా, కొసరు. తూకమేసినాక పిడికెడు ఎయ్యకుంటే అంగిడికి ఎవురొస్తారు?"

నాకు నవ్వు రాలేదు. అప్పటికే ఎవరో సెల్‌ఫోన్ షాపు పెట్టుకుంటామని ఆ గదిని అద్దెకు అడుగుతున్నారు. "ఇచ్చేయ్ నాయనా. నువ్వు పొద్దంతా కూర్చుంటే వచ్చేదానికన్నా అద్దే ఎక్కువ" అన్నాను. ఆయన మాట్లాడలేదు.

తర్వాత ఆఫీసు పని మీద ఆరు నెలలు ఎడిన్‌బరాకు వెళ్లాను. అక్కడ లీత్ వాక్ పక్కన, ఎల్మ్ రోలో 'వాల్వోనా అండ్ క్రొల్లా' అనే ఇటాలియన్ అంగడి ఉంది. డెలికటెసెన్ అంటారు. మన చిల్లరకొట్టు, ఊరగాయల అంగడి కలిపితే ఎట్లుంటుందో అట్లా అనుకోండి. పైకప్పు దాకా సీసాలు, డబ్బాలు. లోపలికి పోగానే చీజ్ వాసన.

ఒక చీజ్ పేరు పెకోరినో. గొర్రె పాలతో చేస్తారట. మా ఊరి పేరులోనే కురబలున్నారు, గొర్రెలకు కొదవ లేదు. అయినా గొర్రెపాల చీజ్ తినడం అదే మొదలు. నేను కొంటానో లేదో తెలీకుండానే కౌంటర్‌లో ఆయన ఒక ముక్క కోసి చేతికిచ్చాడు. రుచి చూసి తీసుకోమని. మా తాత బెల్లం ముక్క పెట్టేది గుర్తొచ్చింది.

రూముకొచ్చి ఆ అంగడి కథ చదివాను. 1934లో పెట్టారు. పెట్టినవాళ్లలో ఒకరైన అల్ఫాన్సో క్రొల్లాది ఇటలీ కొండల్లోని గొర్రెల కాపరుల పల్లె. 1940 జూన్ 10న ఇటలీ బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించింది. ఆ రాత్రే ఎడిన్‌బరాలో జనం ఇటాలియన్ల అంగళ్ల అద్దాలు పగలగొట్టారు. మగవాళ్లను అరెస్టు చేశారు. క్రొల్లాను, ఇంకా వందల మందిని 'అరండోరా స్టార్' అనే ఓడలో కెనడాకు పంపుతుంటే, జూలై 2న జర్మన్ జలాంతర్గామి దాన్ని ముంచేసింది. 400 మందికి పైగా ఇటాలియన్లు చనిపోయారు. వాళ్లలో క్రొల్లా ఒకరు. అద్దాలు పగిలిన ఊళ్లోనే, ఆ జనానికే సరుకులమ్ముతూ ఆయన కొడుకు విక్టర్ అంగడి నడిపాడు.

ఇంట్లో అందరూ లేచే వేళకు ఫోన్ చేశాను.

"నాయనా, గది అద్దెకిచ్చేసినావా?"

"ఇంగా లేదు. అడ్వాన్సు తెస్తామన్నారు."

"కొన్నాళ్లు ఆగు."

"ఎన్నాళ్లు? నువ్వొచ్చి కూర్చుంటావా?"

నా దగ్గర జవాబు లేదు. నెలజీతం, ఈఎంఐ, ప్రమోషన్, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. "చూద్దాం" అని పెట్టేశాను.

ఆ రాత్రి యాప్ తెరిచి ఒక కాలమ్ చేర్చాను. పేరు: కొసరు. ఆ నెల స్టాక్ మొదటిసారి సరిపోయింది.

నాయన ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు ఇవ్వలేదు. అంగడి ఇంకా తెరిచే ఉంది.