రాకాసి గుళ్ళు

మనుష్యులు విడిచిపోయిన చోట్లనిన పిల్లలకు భయము, పెద్దలకు ఆశ. దయ్యమున్నదని పిల్లలు దూరముగా తొలగిపోవుదురు. నిక్షేపమున్నదని పెద్దలు గునపములతో దగ్గరకు వత్తురు. ఈ రెండును లేక, అచట నివసించినవారెవరో తెలిసికొన గోరువారు కొలదిమంది. ఖమ్మము జిల్లా పెనుబల్లిలో విశ్రాంతి జీవితము గడపుచున్న వృద్ధోపాధ్యాయుడొకడు అట్టివాడు. అయితే ఆయనకా తెలివి ఊరక రాలేదు. ఒక తప్పు చేసిన పిదప వచ్చినది.

ఆయన పదమూడేండ్ల బాలుడై యున్నప్పుడు వేసవి సెలవులలో మేనమామ యింటికి పోయెను. పెనుబల్లికి ఉత్తరమున కొత్తగూడెము, మణుగూరు దాటి పోగా పినపాక ప్రాంతము వచ్చును. అచట గోదావరికి చేరువగా, జానంపేట అడవిలో, మేనమామ అతనికొక వింత చూపెను. పెద్ద పెద్ద రాతిపలకలను నిలువుగా పాతి, వానిపై మరియొక గొప్ప పలకను కప్పుగా వేసియున్నారు. చుట్టును గుండ్రముగా రాళ్ళు పేర్చియున్నవి. దూరమునుండి చూచిన చిన్న గుడివలె నుండెను. అట్టివి ఒకటి కాదు, రెండు కాదు. చెట్లనడుమ చూపు సాగినంతమేర నుండెను.

“ఇవి రాకాసి గుళ్ళురా, అల్లుడా! ఇంత రాతిని మనుష్యులెత్తగలరా? లోనికి పోవలదు సుమా!” అని మేనమామ హెచ్చరించెను.

వలదన్నచోటికే బాలుని కాళ్ళు పోవును. మరునాడతడు ఒంటరిగా వచ్చి, ఒక గుడిలోనికి దూరెను. మట్టిలో సగము పూడిన కుండ యొకటి కనబడెను. కుండలో బంగారముండునని అతడెన్నో కథలలో వినియుండెను. రాయి తీసికొని కుండను పగులగొట్టెను. లోపల మట్టియు, పొడిపొడియైన కొన్ని ఎముకలును తప్ప మరేమియు లేవు. అతడు భయపడి, గురుతుగా ఒక పెంకును మాత్రము జేబులో వేసికొని, వెనుదిరిగి చూడక పరుగెత్తెను.

ఆ పెంకు చాలకాలము పెట్టె యడుగున పడియుండెను. కళాశాలలో చదువుచున్నప్పుడు చరిత్రాధ్యాపకుడు దానిని చూచి, “దీని లోపలివైపు నలుపు, వెలుపలివైపు ఎరుపు ఎట్లు వచ్చినవో ఎరుగుదువా?” అని అడిగెను. కుండను బోర్లించి కాల్చినప్పుడు లోపలికి గాలి సోకదు. కావున లోపల నల్లబడును. వెలుపల గాలి తగులుటచే ఎర్రబడును. దక్షిణదేశమున ఇనుమును వాడ నేర్చిన ప్రాచీనులు, 2,000 సంవత్సరములకు పూర్వమే, ఇట్టి కుండలను చేయుచుండిరి. మరణించిన ఆత్మీయులకు రాతి సమాధులు కట్టి, వానిలో కుండలను, ఇనుప పనిముట్లను, పూసలను ఉంచుచుండిరి. రాకాసి గుళ్ళు గుళ్ళు కావు, సమాధులు. కట్టినవారు రాక్షసులు కారు, మనవంటి మనుష్యులే.

పేరు తెలియని చోటికి మానవుడు తనకు తెలిసిన పేరు పెట్టును. పెనుబల్లికి పడమట నేలకొండపల్లిలోని దిబ్బలను జనులు విరాటరాజు నగరమనుచుందురు. త్రవ్వి చూడగా అచట బౌద్ధస్తూపము బయల్పడినది. ఇది పల్లెవారి పొరపాటు మాత్రమే కాదు. గోదావరి లోయలోని రాతి సమాధులను గూర్చియు, వాని చెంత శిలువవలె నిలిచియున్న రాళ్ళను గూర్చియు ములెరన్ అనువాడు 1868లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీకి తెలియజేసెను. శిల్పచరిత్రలో పేరుపొందిన జేమ్స్ ఫెర్గుసన్ ఆ రాళ్ళు క్రైస్తవ చిహ్నములని తలచి, సమాధులును అంత ప్రాచీనములు కావని 1872లో వ్రాసెను. అవి శిలువలు కావనియు, చేతులు చాచిన మనుష్యాకృతులనియు, వానిలో కొన్ని స్త్రీమూర్తులనియు తరువాతి పరిశోధకులు గ్రహించిరి.

సమీపముననే ఒక ఆధారమున్నది. మరణించినవారి జ్ఞాపకార్థము రాయి నిలుపు ఆచారము ఈ అడవులలోని కోయలలో కలదు. రాతిని నిలుపుట రాక్షసకార్యము కాదు, ప్రేమతో చేయు పని యని వారిని చూచినవారికి బోధపడును.

ఇదంతయు విన్న పిదప యువకుని మనస్సు కలత చెందెను. అతడా పెంకును ఒక ప్రదర్శనశాలకు తీసికొనిపోయి ఇచ్చివేయ దలచెను. అచటి అధికారి, “ఇది ఏ సమాధిలోనిది? ఎంత లోతున నుండెను? దాని ప్రక్కన నేమేమి యుండెను?” అని అడిగెను. అతడొక్కదానికిని బదులు చెప్పలేకపోయెను. మరల జానంపేటకు పోయి వెదకెను. వందలకొలది సమాధులలో తాను దూరినదేదో గుర్తింప లేకపోయెను. కొన్నింటి పైకప్పులు పడద్రోయబడి యుండెను. బంగారము నాశించి తనకంటె పెద్ద గునపములతో వచ్చినవారు మరికొందరుండిరి.

నేడు జానంపేట స్థలము కేంద్ర పురావస్తుశాఖ సంరక్షణలో నున్నది. అట్టి చోట్లను చెరచుట 1958 నాటి చట్టము ప్రకారము నేరము. కాని అడవిలోని ప్రతి రాతికడను కావలివాడుండడు గదా!

పెనుబల్లి పిల్లలు సాయంకాలమున ఆయన యింటి అరుగుపై చేరుదురు. ఒకనాడొక బాలిక ఆ పెంకును చేతబట్టుకొని, “మాస్టారూ! ఇది మీకు దొరికిన నిధియా?” అని అడిగెను.

“కాదమ్మా,” అనెను ఆయన. “ఎవరో ఒక తల్లి తన బిడ్డకొరకో, ఒక కొడుకు తన తండ్రికొరకో ఉంచిన కుండ ఇది. అన్ని వందల ఏండ్లు వానలకును చెట్ల వేళ్ళకును చెడక నిలిచినది; నా చేతిలో ఒక్క నిమిషము నిలువలేదు. మీకెప్పుడైన ఇట్టిది కనబడినచో ఉన్నచోటనే ఉండనిండు. చూచిన చోటు గుర్తు పెట్టుకొని పెద్దలకు చెప్పుడు.”

ఆ బాలిక పెంకును రెండు చేతులతో పట్టుకొని, మెల్లగా ఆయన ముందుంచెను.