కొఱతయే కొలత

నేను తెలుగు చదివినవాడను. అయినను ప్రధానోపాధ్యాయుడుగా నున్న కాలమున విజ్ఞానశాస్త్రపు తరగతిలో వెనుక బల్లపై కూర్చుండి వినుట నాకు వాడుక. అచ్చట నేర్చిన యొక లెక్క నాకు చిరకాలము ఉపకరించినది.

ఇడ్డెనల పిండికి ఒక పాలు మినపపప్పునకు రెండు పాళ్లు రవ్వ కలుపుదురు. ఇంట మూడు గ్లాసుల పప్పును, నాలుగు గ్లాసుల రవ్వయు నున్నచో, రవ్వకు రెండు గ్లాసుల పప్పే చాలును; గ్లాసెడు పప్పు మిగిలిపోవును. అంకెలలో రవ్వయే ఎక్కువ. అయినను ముందుగా అయిపోవునది అదియే.

రసాయన చర్యయు నిట్టిదే. హైడ్రోజను, ఆక్సిజను కలసి నీరగుటకు ఒక గ్రాము హైడ్రోజనునకు ఎనిమిది గ్రాముల ఆక్సిజను కావలెను. హైడ్రోజను 10 గ్రాములు, ఆక్సిజను 64 గ్రాములు ఉన్నవనుకొనుడు. ఏది తక్కువ? చూపునకు హైడ్రోజనే. కాని 10 గ్రాముల హైడ్రోజనునకు 80 గ్రాముల ఆక్సిజను కావలెను. ఉన్నది 64 మాత్రమే. కావున ముందుగా ఆక్సిజనే అయిపోవును. అది 8 గ్రాముల హైడ్రోజనుతో కలసి 72 గ్రాముల నీరగును. 2 గ్రాముల హైడ్రోజను మిగులును. ఇట్లు ముందుగా అయిపోయి చర్యను నిలుపుదానికి పరిమిత కారకమని పేరు. ఇంకను ఎంత హైడ్రోజను చేర్చినను నీరు బొట్టెడైనను పెరుగదు. ప్రయోగమున 54 గ్రాముల నీరే చేతికందినచో, దిగుబడి నూటికి 75 పాళ్లు.

19వ శతాబ్దమున జర్మనీ శాస్త్రజ్ఞుడు లీబిగ్ పైరులకును ఇట్టి నియమమునే చాటెను. అవసరమునకు మిక్కిలి తక్కువైన పోషకమునకే పంట లోబడియుండును. భాస్వరము కొఱవడిన చేనికి యూరియా ఎంత చల్లినను ఫలము స్వల్పము.

ఒకప్పుడు మా పాఠశాలలో ఒక బాలుడు గణితమున వెనుకబడెను. ఉపాధ్యాయుడు అదనపు లెక్కలిచ్చెను; తండ్రి వేకువనే లేపి చదివించెను. మార్కులు పెరుగలేదు. “పంతులుగారూ, వీనికి చదువబ్బదు, పనిలో పెట్టెదను” అని తండ్రి నాయొద్దకు వచ్చెను. వారము దినములు ఓపికపట్టుమని కోరి, నేను ఆ బాలుని ప్రక్కన కూర్చుంటిని. నల్లబల్లపైనున్న 8ని అతడు 3గా వ్రాసికొనుచుండెను! శ్రమకు కొదువ లేదు, కొఱవడినది చూపు. కళ్లజోడు వచ్చిన పిమ్మట వెనుకటి శ్రమయంతయు ఫలించెను. అతని చదువు నిలిచినది.

బాలలారా! ఏ పనియైన సాగనిచో, సమృద్ధిగా నున్నదానినే మరల మరల చేర్చకుడు. ఏది యెంత కావలెనో, ఎంత యున్నదో లెక్కించి, ముందుగా తక్కువపడునది ఏదో వెదకుడు. దానిని కొంచెము పెంచినను ఫలము పెరుగును.