ఎండిన చేనుకి నీళ్ళు

మన ఇళ్ళల్లో గుండెనొప్పికి మొదట పెట్టే పేరు గ్యాసు. నోట్లో కాస్త వాము వేసుకుని, సోడా తాగి, "కాసేపుంటే అదే తగ్గుతుందిలే" అంటాం. మా అత్తయ్యా అదే అన్నారు. కళ్ళంలో తాలుకాయలు ఏరుతున్నారు. దవడ లాగుతోందట, వీపు బరువుగా ఉందట, ఒళ్ళంతా చెమట. "ఈ కుప్ప అయ్యాక చూద్దాంలే అమ్మాయ్" అన్నారు. మావారు వినలేదు, నరసరావుపేట తీసుకెళ్ళారు. ఈసీజీ చూసి, గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చి గుంటూరు పంపారు. అక్కడ స్టెంట్ వేశారు.

"రక్తనాళం తెరుచుకుంది" అని డాక్టరుగారు చెప్పిన కాసేపటికే గుండె లయ తప్పింది. "బాగైందన్నారుగా, మళ్ళీ ఇదేంటి వదినా!" అని మా ఆడపడుచు ఒకటే ఏడుపు. కొద్దిసేపటికి కుదురుకుంది. ఎందుకలా అయిందో డాక్టరుగారే తర్వాత చెప్పారు.

సాగర్ కుడికాలువ నీళ్ళ మీద బతికేవాళ్ళం, మనకిది తేలిగ్గానే అర్థమవుతుంది. నెర్రెలిచ్చిన చేలోకి ఒక్కసారిగా నీళ్ళు వదిలితే గట్లు తెగుతాయి. గుండె కండరమూ అంతే. రక్తం అందక అల్లాడిన కణాల్లోకి ఆక్సిజన్ ఒక్కసారిగా వచ్చిపడితే హాని చేసే పదార్థాలు పుడతాయి, కణం లోపల కాల్షియం పేరుకుంటుంది. కొన ఊపిరితో ఉన్నవి కొన్ని ఆ దెబ్బకే పోతాయి. అలాగని నీళ్ళు వదలకపోతే చేనంతా పోతుంది. నాళం తెరవాల్సిందే.

ఈ దెబ్బ తప్పించాలని చాలా ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నారు. 1986లో అమెరికాలో కుక్కల గుండెకి రక్తం కాసేపు ఆపి, కాసేపు వదిలి చూశారు. అలా అలవాటుపడిన గుండె తర్వాతి పెద్ద దెబ్బని బాగా తట్టుకుంది. మనుషులకైతే చేతికి బీపీ పట్టీ బిగించి వదిలితే చాలేమోనని ఆశపడ్డారు. 2019లో 5,000 మందికి పైగా రోగుల మీద చూస్తే లాభం కనపడలేదు.

మరి గుండెని కాపాడేదేంటి? టైమే. ఎంతసేపు ఎండితే ఎండిన దెబ్బా, నీళ్ళ దెబ్బా రెండూ అంత పెరుగుతాయి. అత్తయ్య గుండె పంపింగ్ కాస్త తగ్గింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అయినా మనిషి దక్కారు.

మనకి నొప్పి ఛాతీలోనే రావాలని లేదు. దవడ, వీపు, ఆయాసం, చెమటలు, ఎన్నడూ లేని నీరసం... ఇంట్లో మగవాళ్ళకైతే పరుగెడతాం, మనకైతే "పొయ్యి కట్టేశాక" అంటాం. అన్నం చల్లారితే మళ్ళీ వేడి చేసుకోవచ్చు. ముందు 108కి ఫోన్ చేయండి, ఈసీజీ తీయించుకోండి. గ్యాసేనని తేలితే ఇంటికొచ్చి నవ్వుకుందాం.