పదమూడు పళ్ల చక్రం

మా మాదిగవాడ నుంచి ఎటు పోవాలన్నా దొర గడి ముందునుంచే పోవాలి. అక్కడ బాట ఎత్తు ఎక్కుతుంది. మా నాయిన చెప్పులు కుట్టి, మూటగట్టి, సైకిల్ మీద అంగడికి తీసుకుపోయేవాడు. గడి కనపడంగనే సైకిల్ దిగేవాడు. కాళ్ల చెప్పులు విప్పి హ్యాండిల్‌కు తగిలించేవాడు. ఊరందరికీ చెప్పులు కుట్టినోడు వట్టికాళ్లతో సైకిల్ నూక్కుంట ఆ ఎత్తు ఎక్కేవాడు. నేను వెనక మూట పట్టుకుని నూకేవాణ్ణి.

"ఎందుకు దిగుతవు నాయినా?" అంటే "ఎత్తు గదరా, తొక్కలేను" అనేవాడు. చెరువుకట్ట దగ్గర అంతకన్నా పెద్ద ఎత్తును అదే మూటతో తొక్కేవాడు. అది నేను చూసినవాణ్ణే.

1998లో నేను పాత వంద సి.సి. బండి కొన్నాను. దొర అప్పటికే పట్నం చేరాడు. గడి అరుగు మీద కూర్చునేటోళ్లు మాత్రం ఉన్నారు. మొదటి అంగడి రోజు రెండు మూటల చెప్పులు, వెనక నా భార్య. ఎత్తు సగంలో రెండో గేరు గుంజలేదు. మొదటి గేరు వేసేలోపు ఇంజన్ ఆగిపోయింది. సరిగ్గా గడి ముందే. దిగి నూకాం. అరుగు మీంచి ఒకడు "అయ్య సైకిల్ దిగిండు, కొడుకు మోటర్ దిగిండు" అని నవ్వాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

టౌన్లో మెకానిక్ చాచా దగ్గరికి పోయాను. ఆయన కులం అడగలేదు, బరువు ఎంతని అడిగాడు. నాతోనే చైను చక్రాల పళ్లు లెక్కబెట్టించాడు. ఇంజన్ దగ్గర చిన్న చక్రానికి 14, వెనక చక్రానికి 42. "అంటే చిన్నది మూడుసార్లు తిరిగితే బండి చక్రం ఒక్కసారి తిరుగుతది బేటా. ముందు 13 ఏస్తే 3.23 సార్లు తిరగాలె. గుంజుడు పెరుగుతది."

"వెనకది పెద్దది ఏస్తే?"

"45 ఏస్తే దగ్గర దగ్గర అంతే. గానీ చైను పొడుగు చెయ్యాలె, చైను కవర్ల పడుతదో లేదో చూడాలె. ముందు ఒక్క పన్ను తీసుడు అగ్గువ."

నష్టం కూడా దాచలేదు. ఇంజన్ అంతే తిరిగినా 50 పోయే చోట 46 పోతుంది. పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతుంది. చిన్న చక్రం మీద చైను ఎక్కువ వంగుతుంది, తొందరగా అరుగుతుంది. నేను 13 అన్నాను. ఎడమ పక్క మూత నాతోనే విప్పించాడు.

ఇంటికొచ్చి నాయినకు చెప్తే ఆశ్చర్యపోలేదు. "మోటకు తోలు బొక్కెన కుట్టినోళ్లం మనమేరా. బొక్కెన పైకి రావాలంటే ఎడ్లను దిగువకు నడిపిస్తరు. వాటి బరువు గూడ గుంజుతది. బలం చాలకుంటే ఎడ్లను కొట్టొద్దు, లెక్క మార్చాలె" అన్నాడు. యంత్రాల తెలివి మనకు లేదనేటోళ్లకు ఈ మాట వినిపించాలి.

మరుసటి అంగడికి మూటలతో పాటు నాయినను ఎక్కించుకున్నాను. గడి దగ్గరికి రాంగనే ఆయన అలవాటు కొద్దీ కాలు కిందికి చాపాడు. "కూసో నాయినా" అన్నాను. బండి మొదటి గేరులో మెల్లగా, ఆగకుండా ఎక్కింది. నాయిన చెప్పులు కాళ్లకే ఉన్నాయి. పైకి చేరినదాకా ఆయన చేతులు నా భుజాల మీద వణుకుతూనే ఉన్నాయి.

మనవాళ్లను సైకిల్, మోటార్ సైకిల్ ఎక్కనీయకుండా ఆపడం నేరమని అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణలో రాశారు. 2016 జనవరి 26 నుంచి అది అమల్లోకి వచ్చింది. చదివినప్పుడు నాయిన గుర్తొచ్చాడు. ఆయన బతుకంతా గడిచిపోయినంక చట్టానికి ఆ సంగతి తెలిసింది.

ఆ బండి పోయి ఇంకో బండి వచ్చింది. చైను మార్చినప్పుడల్లా ముందు 13 పళ్లదే అడుగుతాను. పెద్ద రోడ్డు మీద అందరూ నన్ను దాటిపోతారు. దాటిపోనీ. ఆ ఎత్తు మీద మాత్రం నన్ను ఎవడూ దింపలేడు.